ఒంటి తలుపు ఫ్రిజ్, జంట తలుపుల ఫ్రిజ్

"మీరు ఎలా అంటే అలా. నేను ఇంక నోరెత్తను" అన్నాడు ఫిట్టర్ బాబాయ్, టీ గ్లాసు బల్ల మీద పెట్టి. ఆయన నోరెత్తనన్నాడంటే గంటసేపు దించడని మాకు తెలుసు. అందుకని టైలరన్న బెంచీ మీద కాళ్లు పైకి లాక్కుని కుదురుగా కూర్చున్నాడు.

"సాయంత్రం షాపు వ్యాను వస్తుంది. మా ఫ్రిజ్‌ని ఎక్కించుకుని పోతుంది. మీ పిన్ని ఫోన్ చేసి మరీ రమ్మంది. 'ఇంట్లో ఉన్నది ఇద్దరం, వంటగదిలో ఈ బీరువా ఏంటి, నేను పక్కకి తిరగాలంటే దాన్ని అడగాల్సి వస్తోంది, తీసుకుపొమ్మను' అంటుంది. షాపువాడు తెలిసినవాడు కాబట్టి వాపసు తీసుకుంటానన్నాడు. అలాంటి ఫ్రిజ్‌ని చేతులారా పంపించుకుంటారా ఎవరైనా? మొత్తం వినండి. విని తీర్పు చెప్పండి. ఉంచుకోమంటే మాత్రం అందరూ లేచి మా ఇంటికొచ్చి ఆ మాట మీ పిన్ని మొహం మీద చెప్పాలి. నా మాట నలభై ఏళ్లుగా వినని మనిషి ఇవాళ వింటుందా?"

ఆ వేళ టీకొట్టు దగ్గర ఉన్నది టీకొట్టు మావయ్య, టైలరన్న, నేను. పక్కనే రేకు పందిరి కింద ఇస్త్రీ అత్త బొగ్గులపెట్టెతో ఎవరివో చొక్కాలు రుద్దుతోంది. బాబాయ్ మాట నీళ్లు కలుపుకుని తాగాలని మా వీధిలో పసివాళ్లకి కూడా తెలుసు. ఆయన యంత్రాల షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. నట్టు బోల్టుల సంగతి వచ్చిందంటే ఆయనకి అడ్డూ ఆపూ ఉండదు.

"నేనేం గొప్ప పని చేశానని చెప్పను" అని మొదలుపెట్టాడు. "చాలా చిన్న పని. షాపుకెళ్లి ఉన్నవాటిలో మంచిది ఏరుకున్నా, అంతే. కానీ ఏరడం అంటే మీరు వంకాయలు ఏరినట్టు కాదు. ఇంటి దగ్గరే దారంతో వంటగది గుమ్మం కొలిచి, దారానికి ముడేసి జేబులో పెట్టుకుని పోయా. వెనక గోడకి నాలుగు వేళ్ల సందు ఉండాలి, వేడి బయటికి పోవాలిగా. తలుపులు రెండూ బార్లా తెరుచుకోవాలి, గోడకి కొట్టుకోకూడదు. ఇవన్నీ నేనే చెప్తుంటే సేల్స్‌మాన్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తర్వాత ఒక్కో ఫ్రిజ్‌కీ చెవి ఆనించి విన్నా. ఒకటి గురక పెడుతోంది. ఇంకోటి ఎక్కిళ్లు. ఒకటైతే ఏడుస్తోందంటే నమ్మండి, వాళ్ల ఓనరు పిలిచి 'ఎందుకేడుస్తోంది' అని నన్నే అడిగాడు."

"నువ్వేమన్నావ్?" అన్నాడు టీకొట్టు మావయ్య.

"పక్కనున్న ఏసీతో పడట్లేదు, జరిపి పెట్టమన్నా. జరిపారు. ఊరుకుంది. సరే, ఆఖరికి ఒకటి నచ్చింది. జంట తలుపులది. ఎడమ పక్క గడ్డ కట్టించే అర, కుడి పక్క మామూలు చల్లదనం. లోపల లైటు వెలిగితే పెళ్లి పందిరే. ఇదే కావాలన్నా. సేల్స్‌మాన్ 'ఇది చూపించడానికి పెట్టిన పీసు సార్, మీకు గోడౌన్ నుంచి అట్టపెట్టెలో కొత్తది పంపుతాం' అన్నాడు. నాకు తిక్క రేగింది. 'ఒరేయ్, నేను చూసి ఇష్టపడ్డ పిల్లనే పెళ్లి చేసుకున్నా. ఈవిడ చూపించడానికే, మీకు గోడౌన్లోంచి ఇంకో ఆవిడని పంపుతాం అంటే మా మామని వదిలేవాడినా? నేను చెవి పెట్టి విన్నది దీని గుండె. ఇదే ఇస్తావా, పోనా?' అన్నా. వాడు తల పట్టుకున్నాడు. ఇచ్చాడు."

"పంతం" అంది ఇస్త్రీ అత్త, చొక్కా కాలరు తిప్పుతూ.

"పంతం కాదు చెల్లెమ్మా, పరీక్ష. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంటికొచ్చింది. గుమ్మంలో పట్టలేదు. దారం కొలత తప్పు కాదు, గుమ్మమే ఆ పూట కాస్త బిగుసుకుంది. ఎండలకి చెక్క ఉబ్బుతుంది, మీకు తెలీదు. నలుగురు కుర్రాళ్లు ఎత్తలేక చెమటలు కక్కుతున్నారు. నేను 'పక్కకి జరగండి నాయనా' అని, ఫ్రిజ్ తలుపులు రెండూ మడతబందుల దగ్గర విప్పించి, ఒక్క చెయ్యి కింద వేసి ఎత్తా. రెండో చేతిలో టీ గ్లాసు. చుక్క ఒలకలేదు."

"బాబాయ్, ఆ రోజు నీకు నడుం పట్టేసిందని పిన్ని నా దగ్గరికొచ్చి జండూబామ్ పట్టుకెళ్లిందే?" అన్నాడు టైలరన్న.

"అది ముందు రోజు పట్టిన నడుం. దీనికి సంబంధం లేదు. వింటావా, బట్టలు కుడతావా?"

"వింటా, వింటా."

"లోపల పెట్టాం. చూస్తే ఒక తలుపు పైకి, ఒక తలుపు కిందికి. అక్కాచెల్లెళ్లు అలిగి కూర్చున్నట్టు. ఎవడైనా తలుపులు బాగాలేవంటాడు. నేను తలుపు వంక చూడనే లేదు. నేల చూశా. నేల ఒక పక్కకి వాటంగా ఉంది. ఫ్రిజ్ ముందు కాళ్లకి మరలు ఉంటాయి, తిప్పితే లేస్తుంది. ముందువైపు వెనకకంటే పిసరంత ఎత్తు ఉంచాలి. అప్పుడు తలుపు వదిలేస్తే దానంతట అదే వెళ్లి మూసుకుంటుంది. మట్టం చూడ్డానికి పైన గ్లాసుతో నీళ్లు పెట్టి, స్పానరు పట్టి తిప్పుతున్నా. తిప్పుతున్నా, ఫ్రిజ్ లేవదే! ఏంటా అని చూద్దును కదా, దాని బరువుకి అది కదలడంలేదు, ఇల్లు లేస్తోంది! ఒక పక్క పునాది లేచి నిలబడింది. మా ఇంటి నేల వాటం ఆ రోజుతో పోయింది. ముప్పై ఏళ్లుగా వంటగదిలో నీళ్లు ఒలికితే హాల్లోకి వచ్చేవి. ఇప్పుడు ఎక్కడివక్కడే."

"మా ఇల్లు కూడా కాస్త ఎత్తిపెట్టు, వానొస్తే లోపలికి నీళ్లొస్తున్నాయి" అన్నాడు టీకొట్టు మావయ్య, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

"మీ ఇంట్లో అంత ఫ్రిజ్ లేదుగా, దేన్ని ఆసరా పెట్టుకుని ఎత్తను? సరే, స్విచ్ వేశాం. ఇక్కడ వచ్చింది అసలు గొడవ. లైట్లు వెలుగుతున్నాయి. తలుపు మీద అంకెలు వెలుగుతున్నాయి. చల్లదనం మాత్రం లేదు. పాలు విరిగాయి. ముందు రోజు కూర పుల్లబడింది. మీ పిన్ని గరిటె పట్టుకుని, 'ఇంత పెద్ద లైటు కొన్నావేం, చిన్న బల్బు సరిపోయేదిగా' అంది. గుచ్చుకోదూ? నేను రబ్బరు చూశా. తలుపు సందులో కాగితం పెట్టి లాగా. ఊడి రాలేదు, రబ్బరు గట్టిదే. వెనక సందు చూశా, ఉంది. ఇంక దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నా. కళ్లలో కళ్లు పెట్టి చూశా. అది నన్ను చూసింది. నేను దాన్ని చూశా. పూట గడిచింది. ఆఖరికి అదే కళ్లు దించేసుకుంది. బీప్ అంది. చల్లబడింది."

"మెకానిక్ వచ్చాడుగా" అన్నాను నేను. "షాపులో బొమ్మలా నిలబెట్టే పీసుకి ఏదో చూపుడు మోడ్ పెడతారట. లైట్లు వెలుగుతాయి, లోపల మిషను తిరగదు. అతను రెండు బటన్లు కలిపి నొక్కి తీసేశానని చెప్పాడు."

బాబాయ్ నా వైపు జాలిగా చూశాడు. "వాడు నొక్కింది నిజమే. కానీ అప్పటికే అది నాకు లొంగిపోయి ఉంది. లొంగకుండా ఎంతమంది నొక్కినా ఏం లాభం?"

టైలరన్న నవ్వుకి బెంచీ ఊగింది. బాబాయ్ ఇంకో టీ చెప్పి గొంతు పెంచాడు. నవ్వితే ఆయనకి బలం వస్తుంది.

"ఇంక చల్లదనం సంగతి చెప్తే మీరు దుప్పటి కప్పుకుంటారు. మొదటి పూట నీళ్లు గడ్డకట్టాయి. అది మామూలే. రెండో పూట ఆవకాయ జాడీలో నూనె గడ్డకట్టింది. మూడో పూట తలుపు తీస్తే లోపలి లైటు వెలుగు గడ్డకట్టి పెళ్లలు పెళ్లలుగా నేల మీద పడింది. మీ పిన్ని చీపురుతో ఊడ్చి చేటలోకి ఎత్తింది. కావాలంటే చేట చూపిస్తా. పొరపాటున తలుపు సందు ఉంచితే ఎండాకాలం మా ఇంటిని చూసి పక్కవీధిలోంచి తిరిగిపోయింది. నా నీడ గోడకి అంటుకుపోయి, నేను బయటికొచ్చినా అది రాలేదు. వేణ్నీళ్లతో తడిపి ఊడదీసుకున్నా. అంతెందుకు, మొన్న ఈ చెల్లెమ్మ ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఉన్నట్టుండి చల్లారిపోలా? మా ఫ్రిజ్ తలుపు తీసిన వేళే అది!"

"ఆ రోజు బొగ్గులు తడివి అన్నయ్యా" అంది ఇస్త్రీ అత్త.

"ఎందుకు తడిసాయి? గాలిలో మంచు దిగింది కాబట్టి!"

టీకొట్టు మావయ్య గ్లాసు అందిస్తూ, "అంతా బాగానే ఉంది గానీ, నిజం చెప్పు. ఇద్దరు మనుషులకి అంత ఫ్రిజ్ ఎందుకు? వదిన అడిగిందీ అదేగా" అన్నాడు.

బాబాయ్ గ్లాసు అందుకున్నాడు. టీ మీద కట్టిన మీగడ వేలితో పక్కకి తీశాడు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు గొంతు తగ్గింది.

"మా పాత ఫ్రిజ్ నీకు గుర్తుందా? ఆకాశం రంగుది. ఒంటి తలుపు. పిడి చూస్తే కారు తలుపు పిడిలా ఉండేది, లాగితే 'టక్' మనేది. ఈ వీధికంతటికీ అదొక్కటే ఫ్రిజ్. షెడ్డులో ఓవర్‌టైం చేసి చేసి కొన్నా. పైన చిన్న గడ్డల పెట్టె, అందులో సత్తు ట్రే. అంటుకుపోతే మీ పిన్ని కుళాయి కింద పెట్టి, రెండు చేతులతో మెలితిప్పేది. గడ్డలు పటపటా రాలేవి. పిల్లలు గుమ్మంలో చేతులు చాచుకుని వరసలో నిలబడేవాళ్లు. ఒక్కొక్కడికీ ఒక్కో గడ్డ. అరచేతిలో పెట్టుకుని పరిగెత్తడం. ఇంటికి చేరేసరికి తడి చెయ్యి మిగిలేది, మళ్లీ వచ్చేవాళ్లు."

"నేను కూడా వరసలో ఉండేవాణ్ణి" అన్నాడు టైలరన్న. "ముందున్నవాడి చొక్కా వీపులో గడ్డ వేసేవాణ్ణి."

"తెలుసు, నీ వల్ల ఎన్ని తగువులు! మీ అమ్మ వెన్నగిన్నె కూడా అందులోనే ఉండేది. ఎవరి గిన్నెకి వాళ్ల గుర్తు. మీ అమ్మది ఎర్రదారం, ఫోటో స్టూడియో ఆయన ఫిల్ము రీళ్లకి పసుపు గుడ్డ, వాచ్‌మన్ టార్చి సెల్లులకి పేపరు చుట్ట. చల్లగా ఉంటే సెల్లు ఎక్కువ రోజులొస్తుందని అతని నమ్మకం. కోసిన పుచ్చకాయ సగాలు ఎవరివో, ఎవరో తీసుకుపోయేవారు. మాది అని చెప్పుకోవడానికి మా సామాను అందులో పట్టేది కాదు. కరెంటు పోయి వస్తే, ఫ్రిజ్ 'గుర్ర్' మనగానే ఇళ్లన్నింట్లోంచి 'హమ్మయ్య' అనేవారు. వాళ్ల ఇంట్లో దీపం వెలిగినందుకు కాదు, మా ఫ్రిజ్ ఊపిరి తీసుకున్నందుకు. డ్యూటీ నుంచి ఇంటికి రాగానే గుమ్మం ముందు చెప్పుల కుప్ప. నా ఇంట్లోకి నేను పోవాలంటే చెప్పులు దాటుకుంటూ పోవాలి. అదేం గొప్పో మీకు తెలీదు!"

ఇక్కడ ఆయనకి మళ్లీ ఊపు వచ్చింది. కళ్లు మెరిశాయి.

"ఆ ఒంటి తలుపు ఫ్రిజ్ ఎన్ని ప్రాణాలు కాపాడిందో లెక్కలేదు. చుట్టుపక్కల ఆసుపత్రుల్లో మందులు కూడా ముందు మా ఇంట్లో పెట్టి తర్వాత తీసుకుపోయేవారు. పెద్ద డాక్టరు ఒకాయన వచ్చి ఫ్రిజ్‌కి చేతులు జోడించి, 'నా కంటే ఎక్కువమందిని బతికించావమ్మా' అన్నాడు. అంతదాకా ఎందుకు, ఇదిగో, ఈ చెల్లెమ్మ కొడుకు! ఇప్పుడు లారీ తోలుతున్నాడు, గుమ్మంలో పట్టడు. అప్పుడు గుప్పెడంత ఉండేవాడు, జ్వరం దిగేది కాదు. వాడి మందుసీసా మా ఫ్రిజ్‌లోనే పెట్టేవాళ్లం. మా ఫ్రిజ్ లేకపోతే వాడు లేడు. ఇది మాత్రం కోత కాదు. ఒట్టు! తర్వాత అందరి ఇళ్లలోకీ ఫ్రిజ్‌లొచ్చాయి. చెప్పులు తగ్గాయి. ఒక రోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి గుమ్మం ముందు మా ఆవిడ చెప్పులు ఒక్కటే ఉన్నాయి. అందుకే ఇంత పెద్దది కొన్నా. ఎడమ పక్క అంతా వీధికి, కుడి పక్కలో సగం వీధికి. ఎవరి ఫ్రిజ్‌లో పట్టనిది వాళ్లు తెచ్చుకోండి. రండి, పెట్టుకోండి, తీసుకోండి. నెలరోజులుగా కనపడ్డవాళ్లందరికీ చెప్తున్నా. ఒక్కడు రాలేదు. ఇప్పుడు మీరు నలుగురూ ఒక్క మాట అన్నారంటే వ్యాను వెనక్కి పోతుంది. ఏమంటారు?"

మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఇస్త్రీ అత్త పెట్టెను నిలబెట్టి, పందిరి కిందనుంచి ఇవతలికి వచ్చి బెంచీ చివర కూర్చుంది. ఆవిడ పనిలో ఉండగా కూర్చోవడం నేనెప్పుడూ చూళ్లేదు.

"అన్నయ్యా, ఆ సిరప్ ఫ్రిజ్‌లో పెట్టాల్సిన మందు కాదు" అంది.

"ఏ సిరప్?"

"మావాడిది. రెండో సీసా కొనేటప్పుడే మందుల షాపాయన చెప్పాడు. అలమరలో పెట్టుకున్నా ఏం కాదమ్మా అని."

బాబాయ్ నవ్వాడు. "ఊరుకో చెల్లెమ్మా. ఆ తర్వాత కూడా చాలా రోజులు మా ఇంట్లోనే ఉందిగా? డ్యూటీ నుంచి వచ్చినప్పుడల్లా నేను చూసేవాణ్ణి."

"ఉంది. నేనే ఉంచా. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టే వేళకి ఒకసారి. మందు మీ ఇంట్లో ఉంటే మూడు పూటలా రావచ్చు. మా ఇంట్లో ఉంటే ఏ వంకతో రాను? మా ఆయన పొద్దున పోతే చీకటి పడ్డాక వచ్చేవాడు. చంటివాడు మూలుగుతుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడేవి కావు. వదిన వాణ్ణి ఒళ్లో వేసుకుని, చెంచాతో మందు పోసి, నుదుటి మీద చెయ్యి పెట్టి, 'పొద్దుటి కన్నా నయం, కూర్చో' అనేది. అదేనన్నయ్యా వాడి మందు. నా మందు కూడా."

"మీ వదినకి తెలియదు కదా ఆ సంగతి?"

"సీసా మీదే రాసుందిగా. మీకప్పటికింకా అక్షరాలు రావు, డ్యూటీ అయ్యాక రాత్రి బడికి పోతుండేవారు. వదినకి చదువొచ్చు. చదివింది. చదివి, 'రేపు కూడా ఇక్కడే పెట్టు, మా ఇంట్లో చల్లగా ఉంటుంది' అంది."

పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి. టీకొట్టు మావయ్య మంట తగ్గించడం మరిచిపోయాడు. టైలరన్న తల గోక్కుంటూ, "మా అమ్మ వెన్న నీళ్లకుండ పక్కన పెట్టినా గట్టిగానే ఉండేది బాబాయ్. నాకు ఇప్పుడు తడుతోంది" అన్నాడు.

బాబాయ్ నోరు తెరిచాడు. కోత కోసేటప్పుడు ఎలా తెరుస్తాడో అలాగే తెరిచాడు. మళ్లీ మూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా, "అయితే ఇప్పుడెందుకు రారు? నెలరోజులుగా పిలుస్తున్నానుగా" అన్నాడు.

"పిలిచారు. 'ఫ్రిజ్ చూడ్డానికి రండి' అని పిలిచారు. 'ఫ్రిజ్‌లో పెట్టుకోవడానికి రండి' అని పిలిచారు. మా ఇంట్లో ఫ్రిజ్ ఉంది. పెట్టడానికి మాకేం లేదు. ఏం పట్టుకుని రావాలి?"

వీధి మొదట్లో వ్యాను హారను కొట్టింది. డ్రైవరు తల బయటికి పెట్టి ఇళ్ల నంబర్లు చూసుకుంటూ నెమ్మదిగా వస్తున్నాడు. మేం బాబాయ్ వంక చూశాం. ఆయన ఆపితే వ్యాను ఆగిపోతుంది. ఆపమంటే మేం వెళ్లి పిన్నికి ఎలాగోలా నచ్చజెప్పేవాళ్లమే.

ఆయన లేచి, రోడ్డు మీదకి వెళ్లి చెయ్యి ఎత్తాడు. "అదిగో, ఆ పచ్చగేటు ఇల్లు. లోపలికి పోయేముందు ఫ్రిజ్ తలుపులు విప్పుకోండి, లేకపోతే గుమ్మంలో పట్టదు" అని డ్రైవరుకి చెప్పాడు. వ్యాను ముందుకి పోయింది.

వెనక్కి తిరిగి ఇస్త్రీ అత్త ముందు నిలబడ్డాడు. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా జేబులో పెట్టుకుని, తీశాడు.

"రా చెల్లెమ్మా, ఇంటికి పోదాం. మీరూ రండి" అన్నాడు.

"దేనికి బాబాయ్?" అన్నాడు టైలరన్న. "ఫ్రిజ్ పోతోందిగా, పిన్నికి ఇంకేం చెప్పాలి?"

"ఏం చెప్పక్కర్లేదు" అన్నాడు. "ఊరికే."

ఇస్త్రీ అత్త పెట్టెలో నిప్పులు ఇసకలో కుమ్మరించి, చేతులు చీరకొంగుకి తుడుచుకుని, ఆయన కంటే ముందే బయల్దేరింది.